క్లార్క్స్‌బర్గ్‌లో అమ్మానాన్నలకి బస్సు: ఏం అడగాలి, ఎవర్ని అడగాలి

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇదీ: మీరు మేరీలాండ్‌లో, మోంట్‌గోమరీ కౌంటీ ఉత్తరాన క్లార్క్స్‌బర్గ్‌లో ఉంటున్నారు. అమ్మానాన్నలు గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చారు. మీరిద్దరూ ఆఫీసుకి వెళ్తే వాళ్లకి కాలు బయటపెట్టే దారి లేదు. బస్టాపుకి ముప్పావు మైలు నడవాలి. కాలనీలో నాలుగొందల ఇళ్లున్నాయి కాబట్టి అందరి చేతా సంతకాలు పెట్టించి, బస్సుని కాలనీ లోపలికి తిప్పమని కౌంటీని అడుగుదామనుకుంటున్నారు. పిటిషన్ ఎలా రాయాలి అన్నారు.

పిటిషన్ రాయండి. కానీ బస్సుని లోపలికి రమ్మని మాత్రం రాయకండి. అదెందుకో చెప్పడానికే ఇంత పొడుగు జవాబు.

నేను వేరే రాష్ట్రంలో, ఇలాంటిదే ఒక శివారు కౌంటీలో 19 ఏళ్లు బస్సు షెడ్యూళ్లు వేశాను. మా నాన్న తెనాలి డిపోలో కంట్రోలరు. అంటే ఇది మా ఇంట్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు.

ముందు మన ఊళ్లు గుర్తుచేసుకోండి. పెద్ద రోడ్డు నుంచి రెండు మూడు కిలోమీటర్లు లోపలికున్న ఊరికి పల్లెవెలుగు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చేది. అది తప్పిపోతే అడ్డరోడ్డు దాకా నడక. అడ్డరోడ్డులో నిలబడితే ఏదో ఒక బస్సు వస్తూనే ఉండేది. ఊళ్లోకొచ్చే బస్సు ఉందని అందరం గొప్పగా చెప్పుకునేవాళ్లం గానీ, నిజంగా పనున్నవాడు అడ్డరోడ్డుకే నడిచేవాడు. మీ కాలనీ కూడా అలా లోపలికున్న ఊరే. మీ అడ్డరోడ్డు 355, అంటే ఫ్రెడరిక్ రోడ్డు. బస్సుని ఊళ్లోకి తెచ్చుకుంటే రోజుకి నాలుగు ట్రిప్పులు దక్కుతాయి. అడ్డరోడ్డుని బాగుచేసుకుంటే పొద్దస్తమానం బస్సు దక్కుతుంది. రెండూ కావాలంటే డబ్బు చాలదు. ఎందుకు చాలదో లెక్క వేసి చూపిస్తాను.

ఒక రూటు తీసుకుందాం. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి తిరిగి రావడానికి 54 నిమిషాలు పడుతుందనుకోండి. చివర్లో డ్రైవరు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి, ట్రాఫిక్‌లో పోయిన టైము సర్దుకోవడానికి 6 నిమిషాలు కలుపుతాం. దాన్ని లేఓవర్ అంటాం. మొత్తం 60. అరగంటకో బస్సు కావాలంటే 60ని 30తో భాగించాలి, రెండు బస్సులు సరిపోతాయి. ఇప్పుడు మీ కాలనీలోకి ఒక మెలిక పెడదాం. వెళ్లేటప్పుడు 4 నిమిషాలు, వచ్చేటప్పుడు 4. మొత్తం 68 అయింది. రెండు బస్సులతో ఇక అరగంటకి కుదరదు, 34 నిమిషాలకో బస్సవుతుంది. 6:00, 6:34, 7:08, 7:42... ఈ వేళలు ఎవరికీ గుర్తుండవు, రైలుతోనూ కలవవు. మా పనిలో ఇది పెద్ద పాపం. కాదు, అరగంటే కావాలంటే మూడో బస్సు దింపాలి.

ఆ మూడో బస్సు ఖరీదు చూడండి. మన ఆర్టీసీలో ఖర్చు కిలోమీటరుకి ఇంత అని లెక్కేస్తారు. ఇక్కడ ఎక్కువగా గంటకి లెక్కేస్తాం, ఎందుకంటే డీజిల్ కంటే జీతాలది పెద్ద వాటా. అమెరికాలో ఒక బస్సు ఒక గంట రోడ్డు మీద తిరగడానికి ఉజ్జాయింపుగా 150 నుంచి 200 డాలర్లవుతుంది. ఊరిని బట్టి ఇంకా ఎక్కువే కావచ్చు. 175 వేసుకుందాం. రోజుకి 15 గంటలు, ఏడాదికి 255 పనిదినాలు. 6 లక్షల 69 వేల డాలర్ల పైమాట. శని, ఆదివారాలు కలపలేదు, బస్సు కొనే ఖర్చూ కలపలేదు. మీ ఎనిమిది నిమిషాల మెలిక ఖరీదు అది.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ ఎనిమిది నిమిషాలు ఎవరి జేబులోంచి పోతున్నాయో కూడా చూడాలి. నేను పనిచేసిన కౌంటీలో సరిగ్గా మీలాంటి కాలనీ ఒకటి అడిగింది. మంచి ఇళ్లు, చదువుకున్నవాళ్లు, మీటింగుకి నలభై మంది వచ్చారు. మేం మెలిక పెట్టాం. ఏడాది తర్వాత చూస్తే అక్కడ ఎక్కేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అవతలి చివర అపార్టుమెంట్ల నుంచి ఆస్పత్రికీ, హోటళ్లకీ పనికెళ్లేవాళ్లు మాత్రం ప్రతిరోజూ ఆ కాలనీ పచ్చిక చూసుకుంటూ ఎనిమిది నిమిషాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో ఒక్కరూ మా మీటింగుకి రాలేదు. రాత్రి ఏడింటికి పెడితే ఎలా వస్తారు, ఆ టైములో వాళ్లు డ్యూటీలోనో, అదే బస్సులోనో ఉంటారు. అప్పట్నుంచి నాకు సంతకాల మీద నమ్మకం పోయింది. సంతకం పెట్టిన చెయ్యి బస్సు కడ్డీ పట్టుకోదు.

1964 పౌరహక్కుల చట్టంలో టైటిల్ సిక్స్ అని ఒక భాగం ఉంది. దాని ఆధారంగా పెట్టిన ఫెడరల్ నియమాల ప్రకారం పెద్ద బస్సు సంస్థలు రూట్లలో భారీ మార్పులు చేసేముందు ఆ నష్టం మైనారిటీల మీదా, పేదవాళ్ల మీదా ఎక్కువ పడుతోందా అని లెక్కతీసి చూపించాలి. మీ పిటిషన్‌ని చదివే ప్లానరు బుర్రలో ఇది కూడా తిరుగుతూ ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఇక మీ ఊరు ఇలా ఎందుకు తయారైంది అన్నది. ఇది తెలిస్తే కౌంటీని ఏ మాటతో పట్టుకోవాలో తెలుస్తుంది. మోంట్‌గోమరీ కౌంటీ 1964లో ఒక సాధారణ ప్రణాళిక వేసుకుంది. వాషింగ్టన్ నుంచి బయటికి చేతివేళ్లలా కొన్ని బారులు, ఊళ్లన్నీ ఆ బారుల మీదే పెరగాలి, వేళ్ల మధ్య ఖాళీల్లో పొలాలూ పచ్చదనం మిగలాలి అన్నది ఆలోచన. 1980లో ఆ పచ్చదనంలో 93 వేల ఎకరాలని వ్యవసాయానికి కట్టేశారు. కౌంటీలో దాదాపు మూడో వంతు. ఇప్పటికీ చాలావరకు నిలబడింది, మెచ్చుకోవాలి. ఇటు ఐ-270 హైవే వెంబడి రాక్‌విల్, గైథర్స్‌బర్గ్, జర్మన్‌టౌన్, చిట్టచివర క్లార్క్స్‌బర్గ్. వాషింగ్టన్ మెట్రో రైలు రెడ్ లైను 1984లో షేడీ గ్రోవ్ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్నుంచి మీ ఊరిదాకా కారిడార్ సిటీస్ ట్రాన్సిట్‌వే అని ఒక ప్రత్యేక మార్గం వస్తుందన్నారు. 1994లో క్లార్క్స్‌బర్గ్ మాస్టర్ ప్లాను ఆ మార్గాన్ని నమ్ముకునే గీశారు.

ఇళ్లు వచ్చాయి. 2000లో రెండు వేల లోపున్న జనాభా 2010కి 13 వేలు దాటింది, 2020కి 29 వేలు. మార్గం రాలేదు. మొదట లైట్ రైలు అన్నారు, 2012లో రాష్ట్రం రైలు కాదు, వేగపు బస్సులు అని తేల్చింది, తర్వాత ఆ డబ్బూ ఆగిపోయింది. 2022లో కౌంటీ కౌన్సిల్ ఆ పాత గీత పక్కనపెట్టి ఐ-270 వెంబడి కొత్త ట్రాన్సిట్ ప్రణాళిక ఆమోదించింది. 355 మీద ఫ్లాష్ బస్సు క్లార్క్స్‌బర్గ్ దాకా అన్న ఆలోచన కాగితం మీద ఉంది. ఫ్లాష్ అంటే తెలియకపోతే, 29వ నంబరు రోడ్డు మీద 2020 అక్టోబరు నుంచి బర్టన్స్‌విల్, సిల్వర్ స్ప్రింగ్ మధ్య తిరుగుతున్న నీలం బస్సులు. స్టాపులు తక్కువ, బస్సు అడుగుకి సమానంగా ఎత్తైన ప్లాట్‌ఫారాలు. పెద్దవాళ్లకి మెట్లెక్కే బాధ ఉండదు.

అంటే మీ ఊరికి బస్సు బాకీ ఉంది. ఆ బాకీ కాలనీ లోపల మెలికగా కాదు, 355 మీద వెన్నెముకగా ఉంది. మీ అర్జీలో గట్టిగా రాయాల్సింది ఇదే: మాస్టర్ ప్లాను మాకు ట్రాన్సిట్ చూపించి ఇళ్లు కట్టించింది, మార్గం వచ్చేదాకా కనీసం పెద్దరోడ్డు మీది బస్సు మధ్యాహ్నం, రాత్రి, ఆదివారం కూడా తిరగాలి. జర్మన్‌టౌన్ దాకా వెళ్తే అక్కణ్నుంచి షేడీ గ్రోవ్ వైపు 355 మీద వెళ్లే 55వ నంబరు బస్సు కౌంటీలో జనం బాగా ఎక్కే రూట్లలో ఒకటి. మీ దగ్గరికొచ్చేసరికే బస్సులు పలచబడుతున్నాయి. మీ సంతకాలన్నీ ఆ పలచదనం మీద పెట్టించండి.

ఇప్పుడు ఆ ముప్పావు మైలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మ్యాపులో ఉపగ్రహ చిత్రం తెరిచి చూడండి. స్టాపుకి ముప్పావు మైలు అన్నది మీ వీధి మలుపులన్నీ తిరిగి గేటులోంచి బయటికొస్తే. కాకి ఎగిరినట్టు చూస్తే మీ కాలనీ వెనక కంచె నుంచి పెద్దరోడ్డుకి ఎంతుంది? నేను చూసిన కాలనీల్లో సగం వాటికి రెండొందల గజాలు కూడా ఉండదు. మధ్యలో ఒక వాననీటి గుంట, దానిచుట్టూ ఇనప కంచె, అవతల కాలిబాట లేని గడ్డి. ముందుకు దారిలేని సందులు, వాటిని కల్-డి-శాక్ అంటారు, పిల్లలు ఆడుకోవడానికి బాగుంటాయని కట్టారు. కారుకి దారి మూసేటప్పుడు కాలికి కూడా మూసేశారు. ఆ కంచెలో ఒక మనిషి పట్టేంత సందు, అక్కణ్నుంచి రోడ్డుకి అయిదడుగుల వెడల్పు కాంక్రీటు బాట వేస్తే మీ నాన్నగారి పావుగంట నడక నాలుగు నిమిషాలవుతుంది. బస్సు అంగుళం కూడా మెలిక తిరగక్కర్లేదు. ఖర్చు ఒక్కసారే. బాటకి జీతం ఇవ్వక్కర్లేదు, లేఓవర్ అక్కర్లేదు.

మరి ఎందుకు వెయ్యరు? ఆ నేల సాధారణంగా కాలనీ సంఘానిది, అదే మీ హెచ్‌ఓఏది. అక్కడ ఈ మాటెత్తి చూడండి తమాషా. కాలనీలోకి బస్సు కావాలని సంతకం పెట్టినవాళ్లే బాట అనగానే "అందులోంచి ఎవరెవరో వస్తారండీ" అంటారు. నా అనుభవంలో ఒక బాటకి మూడేళ్లు పట్టింది. సంఘాన్ని ఒప్పించడానికే రెండేళ్లు. చివరికి వాళ్లని మెత్తబరిచింది మా ప్లానర్ల వాదనలు కాదు, పిల్లల్ని తోపుడుబండిలో వేసుకుని రోజూ చుట్టూ తిరిగి నడిచే నలుగురు అమ్మమ్మలు. వాళ్లు మీటింగుకొచ్చి కూర్చున్నారు, మాట్లాడింది కూడా తక్కువే. మీ దగ్గర అమ్మమ్మలకీ తాతయ్యలకీ కొదవ ఉండదు కదా.

ఎవర్ని అడగాలి అన్నారు. ఇక్కడే చాలామంది ఏడాది వృథా చేసుకుంటారు. ఒకే ఉత్తరంలో అన్నీ రాసి కౌంటీకి పంపిస్తారు, అందులో సగం తమది కాదని కౌంటీ జవాబిస్తుంది, మీరు నీరుగారిపోతారు. కంచెలో సందు హెచ్‌ఓఏ పని. బస్సు ఎంతసేపటికొకటి, ఏ వేళ దాకా అన్నది కౌంటీ రవాణా శాఖ నడిపే రైడ్ ఆన్ బస్సు సర్వీసు పని. 355 మాత్రం రాష్ట్ర రహదారి, కాబట్టి దాన్ని దాటడానికి సిగ్నలు, జీబ్రా గీతలు కావాలంటే మేరీలాండ్ రాష్ట్ర హైవే విభాగాన్ని అడగాలి. రోడ్డు దాటడాన్ని తక్కువగా చూడకండి. వెళ్లేటప్పుడు ఇటు ఎక్కితే వచ్చేటప్పుడు అటు దిగుతారు. ప్రతి ప్రయాణంలో ఒక్కసారైనా ఆ రోడ్డు దాటక తప్పదు. అమ్మగారు దాటలేకపోతే బస్సు ఎన్ని నిమిషాలకొకటైనా ఆవిడకి లేనట్టే. మూడూ మూడు ఉత్తరాలు, మూడు చోట్లకి.

వేళ కూడా చూసుకోవాలి. ఈ కౌంటీ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. కౌంటీ ఎగ్జిక్యూటివ్ మార్చి 15 నాటికి బడ్జెట్ ప్రతిపాదన పెడతారు, ఏప్రిల్‌లో కౌన్సిల్ జనం మాట వింటుంది, మే చివరికల్లా తేలిపోతుంది. ఏప్రిల్‌లో వెళ్లి అడిగేవాళ్లు రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద పరిగెత్తినట్టే. సెప్టెంబరు, అక్టోబరులో రాయండి, మార్చిలోపు మళ్లీ గుర్తుచెయ్యండి, ఏప్రిల్‌లో వెళ్లి మాట్లాడండి. సంతకాల కంటే మనుషుల వివరాలు పనిచేస్తాయి. ఏ స్టాపు, ఏ రోజు, ఏ టైముకి, ఎక్కడికి, వారానికి ఎన్నిసార్లు అని ఇరవై మంది రాసిచ్చిన కాగితం నా బల్ల మీదికొస్తే, నాలుగొందల సంతకాల కట్ట పక్కనపెట్టి దాన్నే ముందు చదివేవాణ్ని.

కాలనీ లోపలికి పెద్ద బస్సు కాకపోతే చిన్న వ్యాన్ పంపించొచ్చు కదా, యాప్‌లో పిలుచుకుంటాం అని తర్వాతి ప్రశ్న వస్తుందని తెలుసు. ఈ కౌంటీ 2019లో రాక్‌విల్‌లోనూ, వీటన్-గ్లెన్‌మాంట్ వైపూ రైడ్ ఆన్ ఫ్లెక్స్ అని అదే మొదలుపెట్టింది. మంచిదే. కానీ దాని పరిమితి తెలుసుకోవాలి. ఒక్కొక్కరిని ఒక్కో గుమ్మం దగ్గర ఎక్కించుకుని తిరిగే వ్యాన్ డ్రైవరు గంటకి ముగ్గురినో నలుగురినో చేరవేయగలడు. మామూలు రూటు కాస్త బాగా నడిచినా అదే గంటలో పదిహేను, ఇరవై మందిని మోస్తుంది. వ్యాన్ చిన్నదైనా డ్రైవరు జీతం చిన్నది కాదు. పైగా ఎక్కువమంది పిలిచేకొద్దీ ఎదురుచూపు పెరుగుతుంది. జనం పెరిగితే పెద్ద బస్సు సేవ మెరుగుపడుతుంది, వ్యాన్ సేవ పాడవుతుంది. ఇళ్లు దూరదూరంగా ఉండి పెద్దరోడ్డే లేనిచోట వ్యాన్ సరైనది. మీకు పెద్దరోడ్డు ఉంది.

టికెట్ సంగతి మీరు అడగలేదు గానీ అమ్మానాన్నలకి చెప్పండి. 2025 జూన్ 29 నుంచి రైడ్ ఆన్ బస్సులు అందరికీ ఉచితం. కరోనా రోజుల్లో ఆపిన టికెట్‌ని 2022 ఆగస్టులో ఒక డాలరుగా తెచ్చారు, ఇప్పుడు అదీ తీసేశారు. ఇక్కడ ఆడా మగా తేడా లేదు, మహాలక్ష్మి అని ఆధార్ కార్డు చూపించక్కర్లేదు. మన దగ్గర తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రాలో 2025 ఆగస్టులో ఆడవాళ్లకి ఉచితం చేసినప్పుడు బస్సులు కిక్కిరిశాయి, ప్రభుత్వానికి భారమైంది, ఇక్కడ ఇంత తేలిగ్గా టికెట్ ఎలా వదిలేశారని ఒకాయన నన్నడిగాడు. ఆర్టీసీ పొట్ట టికెట్ డబ్బుతోనే నిండేది, ఉచితం చేస్తే ఆ డబ్బు ప్రభుత్వం కట్టాలి. శివారు కౌంటీల్లో టికెట్ ఆదాయం ఖర్చులో చిన్న చెంచాడు. డబ్బు వసూలు చేసే పెట్టెలు మార్చి, లెక్కపెట్టి, బ్యాంకుకి చేర్చే ఖర్చు తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. అందుకే వదిలేయడం తేలికైంది. అయితే బస్సు ఉచితమైనంత మాత్రాన తొందరగా రాదు. నాకు ఓటుంటే టికెట్ రద్దు కంటే ముందు ఆదివారం బస్సుకి వేసేవాణ్ని. మెట్రో రైలుకీ, మెట్రోబస్సుకీ మాత్రం డబ్బు కట్టాలి, అవి వేరే సంస్థవి. రైలు గేటు దగ్గర ఇప్పుడు మామూలు క్రెడిట్ కార్డు ఆనించినా తెరుచుకుంటుంది.

నాన్నగారికి మోకాళ్ల నొప్పులని ఒక ముక్క రాశారు. నడవడం నిజంగానే కష్టమైతే ఇంకో దారి ఉంది. 1990 వికలాంగుల చట్టం ప్రకారం మామూలు బస్సు తిరిగే రూటుకి రెండు వైపులా ముప్పావు మైలు లోపు, మామూలు బస్సు వాడలేనివారికి వేరే వాహనం పంపాలి. ఇక్కడ దాని పేరు మెట్రోయాక్సెస్. వయసు ఒక్కటే చాలదు, బస్సు ఎందుకు వాడలేరో చూపించాలి. బయటి ఊళ్ల నుంచి వచ్చిన అతిథులకి కూడా ఏడాదిలో 21 రోజుల వరకు ఈ హక్కు ఉంది. ఆరు నెలలుండే తల్లిదండ్రులకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆ 21 రోజుల్ని డాక్టరు అపాయింట్‌మెంట్లకి దాచుకోండి.

ఉత్తరాల పని సాగుతుండగానే, ఈ శనివారం మీరు కారు ఇంట్లో వదిలేసి వాళ్లతో కలిసి బస్సెక్కండి. మొదటిసారి జర్మన్‌టౌన్ ట్రాన్సిట్ సెంటర్ దాకా చాలు, దగ్గర్లోనే లైబ్రరీ ఉంది, కూర్చోవచ్చు. ఇక్కడి బస్సు చెయ్యెత్తకపోతే ఆగకపోవచ్చు, కాబట్టి స్టాపు కంభం దగ్గరే నిలబడాలని, బస్సు కనపడగానే చెయ్యి ఊపాలని చెప్పండి. మెట్టు ఎత్తనిపిస్తే డ్రైవరుని అడిగితే బస్సుని ఆ పక్కకి కిందికి వంచుతాడు. దిగేచోటుకి ముందు తాడు లాగాలి. కండక్టరు లేడని అమ్మగారు మొదట్లో కంగారుపడతారు. మా అమ్మ రెండు నెలలపాటు దిగేటప్పుడు వెనక్కి తిరిగి "హోల్డాన్" అని అరిచేది.

కాస్త ధైర్యం వచ్చాక షేడీ గ్రోవ్ వెళ్లి రెడ్ లైను ఎక్కొచ్చు. లాన్హమ్ శివవిష్ణు గుడికి వెళ్లాలంటే మెట్రో సెంటర్‌లో ఆరెంజ్ లైనుకి మారి న్యూ కరోల్టన్‌లో దిగాలి, అక్కణ్నుంచి చివరి ముక్క బస్సో టాక్సీయో. ఒక పూట పడుతుంది. గుంటూరు నుంచి కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లివచ్చినవాళ్లకి అదొక లెక్క కాదు.

స్టాపు కంభం మీద ఒక నంబరు ఉంటుంది. అది ఇక్కడ పెట్టండి. మీ వెనక కంచెకి, రోడ్డుకి మధ్య నేల ఎవరి పేరున ఉందో కౌంటీ ఆస్తుల మ్యాపులో చూసి చెబుతాను.